పిస్టు దాటి స్కీయింగ్: ‘వద్దు’ అనే మాటకు ముందే చోటు పెట్టుకోండి

ప్రశ్న: నేను, మా ఆయన, మా మరిది, అతని స్నేహితులు ఇద్దరు. మొత్తం ఐదుగురం ఫిబ్రవరి చివర్లో వారం రోజులకని ఫ్రాన్స్‌లోని షమోనీ వెళ్తున్నాం. బస బుక్ చేసేశాం. నాలుగు సీజన్ల నుంచి స్కీయింగ్ చేస్తున్నాం కానీ ఎప్పుడూ పిస్టుల మీదే, అంటే యంత్రంతో చదును చేసిన దారుల మీదే. నేను తేలికైన నీలం, మధ్యరకం ఎరుపు పిస్టులు దిగగలను. అన్నిటికన్నా కష్టమైన నలుపు చూస్తే ఒళ్లు బిగుసుకుపోతుంది. మరిది చాలా బాగా చేస్తాడు. ఈసారి పిస్టు దాటి తాజా మంచులో దిగాల్సిందేనని అతని పట్టుదల. ఏ రోజు ఎక్కడికి అన్నది ఏడు రోజులకీ పట్టిక వేసేశాడు. మొదటి రోజే వాలే బ్లాంష్ అనే పొడవైన కొండ దారి. గైడు ఆ ఒక్క రోజుకి చాలట, మిగతా రోజులు ముందు వెళ్లినవాళ్ల జాడల్లో వెళ్తే సరిపోతుందట. ఏం సామాను కావాలి? గైడు నిజంగా అవసరమా? ప్లాన్ ఎలా వేసుకోవాలి? ఇంకో సంగతి, ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు భయంగా ఉంది. నోరు విప్పితే అందరి సరదా పాడుచేసినదాన్ని అవుతానేమో అనిపిస్తోంది.
— పేరు వేయొద్దన్న పాఠకురాలు

సమాధానం: మీరు చివర్లో, దాదాపు సిగ్గుపడుతూ రాసిన విషయంతోనే మొదలుపెడతాను. సామాను, గైడు, పట్టిక అన్నీ దాని తర్వాతే.

చాలా ఏళ్ల కిందట మేం నలుగురం పిస్టు దాటి ఒక వాలు వైపు వెళ్తున్నాం. ముందు రోజు రాత్రంతా గాలి వీచింది. ఆ రోజు మంచు చరియల హెచ్చరిక బులెటిన్‌లో ప్రమాద స్థాయి 5కి 3. మాకంటే ముందు ఎవరో వెళ్లిన జాడలు ఆరో ఏడో కనిపిస్తున్నాయి. అరగంట నుంచీ నాకు మనసు ఒప్పడం లేదు. మంచు పైపొర స్కీ కింద అట్టముక్కలా తగులుతోంది. చేతికర్ర గుచ్చితే పైన గట్టిగా ఆగి, కాస్త నొక్కగానే కింద బోలుగా దిగిపోతోంది. అయినా నేను పెదవి విప్పలేదు. మిగతా ముగ్గురూ నాకన్నా బాగా చేసేవాళ్లు, వాళ్లకు తెలియనిది నాకేం తెలుస్తుందిలే అనుకున్నాను. వాలు అంచుకు చేరబోతుండగా, బరువైన మూటను ఎవరో నేలకేసి కొట్టినట్టు ‘వుంఫ్’ మని శబ్దం వచ్చింది. పాదాల కింద మంచు ఒక్క అంగుళం కుంగింది. నా స్కీ మొనల దగ్గర మొదలైన సన్నటి పగులు ముప్పై అడుగుల దూరం పరుగెత్తి ఆగింది. మేం నిలబడ్డ చోటు చదునుగా ఉంది కాబట్టి ఏదీ జారలేదు. ఇంకో ఇరవై అడుగులు ముందుకెళ్లి ఉంటే వాలు మీద ఉండేవాళ్లం.

మాట్లాడకుండా వెనక్కి తిరిగాం. ఆ రాత్రి కూర్చుని మాట్లాడుకుంటే తేలిందేమిటంటే, నలుగురిలో ముగ్గురికి అదే అనుమానం, దాదాపు అదే సమయంలో వచ్చింది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఊరుకున్నాం. నాలుగో అతను ముందు నడుస్తున్నాడు. వెనక అందరూ నిశ్చింతగా ఉన్నారు కదా అని అతను ధైర్యం తెచ్చుకున్నాడట.

అందుకే చెబుతున్నాను, మీ భయాన్ని దాచకండి. మీ ఐదుగురిలో కొండను ఉన్నది ఉన్నట్టు చూస్తున్నది ఇప్పటికి మీరొక్కరే కావచ్చు. ఇయాన్ మెక్‌కామన్ అనే అమెరికా పరిశోధకుడు పాత మంచు చరియల ప్రమాదాలను వరుసగా పరిశీలించి, చనిపోయినవాళ్లలో చాలామంది ఈ విషయం తెలిసినవాళ్లే అని చూపించారు. ప్రమాద సూచనలు కళ్ల ముందే ఉన్నా వాళ్లు ముందుకెళ్లడానికి కొన్ని కారణాలు మళ్లీ మళ్లీ కనిపించాయి. తెలిసిన వాలే కదా అనుకోవడం, గుంపులో బాగా చేసే ఒకరి మీద భారం వేయడం, ముందే అనుకున్న ప్లాన్ వదులుకోలేకపోవడం, తాజా మంచు వేరేవాళ్లు పాడుచేసేలోపు మనమే దిగాలన్న తొందర, పక్కవాళ్లు దిగుతున్నారు కదా అన్న ధీమా. మీ ఉత్తరం మరోసారి చదువుకోండి. ఇందులో కనీసం మూడు మీ మరిది పట్టికలో ఇప్పటికే ఉన్నాయి. అతను చెడ్డవాడని కాదు. ఉత్సాహవంతులు వేసే పట్టికలన్నీ ఇలాగే ఉంటాయి.

ప్రయాణానికి ముందే ఐదుగురూ కూర్చుని ఒక ఒప్పందానికి రండి. కొండ మీద ఎవరు ‘వద్దు’ అన్నా ఆ వాలు ఆ రోజుకి వద్దు. కారణం చెప్పనక్కర్లేదు, వాదన ఉండదు, రాత్రి గదికొచ్చాక దెప్పడం ఉండదు. ఇంకో చిన్న పద్ధతి నాకు బాగా పనికొచ్చింది: ఏదైనా వాలు పైన నిలబడి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినప్పుడు అందరికన్నా తక్కువ అనుభవం ఉన్నవాళ్లు ముందు మాట్లాడాలి, బాగా చేసేవాళ్లు చివర మాట్లాడాలి. మీ విషయంలో మొదట మీరు, చివర మీ మరిది. అతను ముందే “పదండి వదినా, ఏం కాదు” అనేస్తే ఆ తర్వాత మీ నోట మాట రాదు. ఇది మీరే చెప్పడం ఇబ్బందైతే మీ ఆయన చేత చెప్పించండి, లేదా ఈ సమాధానం అందరూ ఉన్నప్పుడు పైకి చదవండి.

ఇక జాడల సంగతి. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన మాట ఇదే. జాడ ఉందంటే ఎవరో అటు వెళ్లారని మాత్రమే అర్థం. వాళ్లు ఏ పూట వెళ్లారో, అప్పుడు ఎండ ఎంత ఉందో, కింద ఎక్కడ తేలారో అది చెప్పదు. కొన్ని జాడలు నేరుగా కొండకొమ్ము అంచుకు తీసుకెళ్తాయి. తాళ్లు కట్టుకుని దిగడానికి వచ్చినవాళ్ల జాడలు అవి. మంచు పలక, అంటే గట్టిపడ్డ పైపొర, కూడా అంతటా ఒకే మందంతో ఉండదు. మందంగా ఉన్నచోట పది మంది దాటినా కింద ఉన్న బలహీనమైన పొరకు బరువు అందదు. పదకొండో మనిషి రెండడుగులు పక్కకు జరిగి పలక పలచగా ఉన్నచోట కాలు పెడితే మొత్తం వాలు తెగుతుంది. మంచు చరియల్లో చిక్కుకున్నవాళ్లలో సుమారు పదింట తొమ్మిది సందర్భాల్లో ఆ చరియను కదిలించింది వాళ్లే, లేదంటే వాళ్ల గుంపులోని మనిషే. పైనుంచి దానంతటదే వచ్చి పడిన చరియలు తక్కువ.

ఇక్కడ యూరప్ పద్ధతి కూడా తెలిసి ఉండాలి. ఉత్తర అమెరికాలోని స్కీ కేంద్రాల్లో హద్దు తాడు లోపల ఉన్న వాలులన్నిటినీ, చదును చేయనివాటితో సహా, అక్కడి సిబ్బంది పేలుడు పదార్థాలతో పరీక్షించి తెరుస్తారు. ఆల్ప్స్‌లో అలా కాదు. పిస్టు అంచున ఉన్న కర్ర దాటి మూడు మీటర్లు పక్కకు వెళ్తే చాలు, మీరు కాపలా లేని కొండ మీద ఉన్నట్టే. రెండు పిస్టుల మధ్య ఉన్న ముక్క కూడా అంతే. లిఫ్టు పక్కనే ఉంది, హోటల్ కిటికీలు కనిపిస్తున్నాయి కాబట్టి ఫర్వాలేదని చాలామంది అనుకుంటారు.

మరి ఆ పలక ఎందుకు తెగుతుంది? శీతాకాలమంతా మంచు విడతలు విడతలుగా పడుతుంది. ఒక్కో విడత ఒక్కో పొర. మధ్యలో చలి బాగా ఉండి ఆకాశం తేటగా ఉన్న రోజుల్లో కొన్ని పొరలు పంచదార రవ్వల్లా విడివిడి గింజలుగా మారిపోతాయి. వాటి మీద కొత్త మంచు, లేదా గాలి తెచ్చి పేర్చిన మంచు, గట్టి పలకలా కూర్చుంటుంది. మీ బరువు ఆ గింజల పొరకు తగలగానే అది ఒకచోట కూలి, ఆ కూలడం కంటికి కనిపించనంత వేగంగా వాలంతా పాకుతుంది. నేను విన్న ‘వుంఫ్’ అదే. పలక చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద తెగుతాయి. ఎరుపు, నలుపు పిస్టులు దిగేవాళ్లు తాజా మంచులో సరదాగా ఉంటుందని వెతికేవి కూడా సరిగ్గా ఆ వాలులే.

అందుకని మీకు నేర్పాల్సిన మొదటి విద్య వాలు కొలవడం. ఫ్రాన్స్ ప్రభుత్వపు ఆన్‌లైన్ మ్యాపుల్లో వాలుల పొర ఒకటి ఉంటుంది. 30 నుంచి 35 డిగ్రీలు పసుపు, 40 వరకు నారింజ, 45 వరకు ఎరుపు, ఆపైన ఊదా. ఇంట్లో కూర్చునే మీ మరిది పట్టికలోని ఒక్కో దారినీ ఆ మ్యాపు మీద వేలితో గీసి చూడండి. మీరు దిగే చోటు ఒక్కటే చూస్తే చాలదు, మీ తల పైన ఏ రంగుందో కూడా చూడండి. చదునైన చోట నడుస్తూ పైనున్న నిటారు వాలును కదిలించినవాళ్లు ఉన్నారు. పొర కూలడం కింద మొదలై పైకి పాకగలదు.

రెండో విద్య బులెటిన్ చదవడం. యూరప్ అంతటా 1993 నుంచి ఒకే కొలమానం ఉంది, 1 నుంచి 5 వరకు. అందరూ ఆ అంకె చూసి మధ్యలో ఉంది కదా, 3 అంటే మధ్యస్థం అనుకుంటారు. నిజానికి ఆ స్థాయి పేరే ‘గణనీయమైన ప్రమాదం’. అంకె ఒకటి పెరిగితే ప్రమాదం ఒక మెట్టు కాదు, కొన్ని రెట్లు పెరుగుతుంది. స్విట్జర్లాండ్ లెక్కల్లో మంచు చరియల మరణాల్లో దాదాపు సగం 3వ స్థాయి రోజుల్లోనే జరుగుతాయి. 4, 5 అంటే జనం భయపడి ఆగిపోతారు. 3 రోజున ఆకాశం నీలంగా, మంచు మెత్తగా, లిఫ్టులన్నీ తెరిచి ఉంటాయి.

అంకె కన్నా దాని కింద రాసింది ముఖ్యం. ఆ రోజు సమస్య ఏమిటి, కొత్త మంచా, గాలి పేర్చిన మంచా, లోపల పాత బలహీన పొరా, తడి మంచా, నేల మీద నుంచి మొత్తంగా జారే మంచా అన్నది బొమ్మతో సహా ఉంటుంది. ఏ ఎత్తు పైన, ఏ దిక్కు వాలుల మీద అన్నది చిన్న చక్రంలో నలుపు చేసి చూపిస్తారు. షమోనీ ఉన్న మోంట్ బ్లాంక్ ప్రాంతానికి ఫ్రాన్స్ వాతావరణ శాఖ మర్నాటి బులెటిన్‌ను ముందు రోజు సాయంత్రమే ఇస్తుంది. పాత బలహీన పొర అని రాసి ఉంటే నేను ఆ రోజు 30 డిగ్రీలు దాటిన వాలు జోలికి వెళ్లను. పైకి ఏ గుర్తూ కనిపించకుండా వారాల తరబడి పొంచి ఉండేది అదొక్కటే.

ఇప్పుడు పట్టిక దగ్గరికి వద్దాం. ఏడు రోజులకీ ఊళ్లు, వాలులు పేర్లతో సహా రాసిపెట్టుకోవడమే ఈ ప్లాన్‌లో పెద్ద లోపం. బుధవారానికి ఫలానా వాలు అని నెల ముందే రాసుకుంటే, బుధవారం పొద్దున గాలి వీస్తున్నా కాళ్లు అటే లాగుతాయి. వెర్నర్ ముంటర్ అనే స్విట్జర్లాండ్ గైడు దశాబ్దాల కిందట ఒక పద్ధతి చెప్పారు, ఇప్పటికీ శిక్షణల్లో అదే నేర్పుతారు. మూడు విషయాలు: మంచూ వాతావరణం, నేల వాలు, మనుషులు. ఈ మూడింటినీ మూడుసార్లు చూడాలి: ముందు ఇంట్లో, తర్వాత కొండ చేరాక, చివరికి దిగబోయే ఆ ఒక్క వాలు అంచున నిలబడి. మూడోసారి చూసినప్పుడు మొదటిసారి రాసుకున్నది కొట్టేయడానికి సిద్ధంగా ఉండాలి.

కాబట్టి మీ మరిదితో పట్టిక ఇలా మార్పించండి. రోజుకో పేరు తీసేసి, మూడు రకాల రోజులు రాయండి. బులెటిన్ 1 లేదా 2 ఉండి ఆకాశం తేటగా ఉన్న రోజుకి మూడు నాలుగు దారులు. 3 ఉన్న రోజుకి 30 డిగ్రీలకు లోపే ఉండి, పైన నిటారు వాలు లేని దారులు రెండు మూడు. కింద మేఘం, పైన తుపాను ఉన్న రోజుకి చెట్ల మధ్య పిస్టులు. షమోనీ లోయలో లే ఊష్ వైపు అడవి ఉంటుంది, చెట్లుంటే తెల్లటి వెలుగులో కూడా నేల ఎత్తుపల్లాలు కంటికి ఆనతాయి. ఏ రోజు ఏ రకమో ముందు రోజు సాయంత్రం బులెటిన్ వచ్చాక తేల్చుకోండి. వారంలో ఒక రోజు పూర్తిగా ఖాళీగా వదిలేయండి. నాలుగో రోజుకల్లా తొడలు అలిసిపోతాయి. అలిసిన కాళ్లతో మంచులో పడితే మోకాళ్లు మెలిపడతాయి. ఈ విషయంలో నా మాట నమ్మండి.

మొదటి రోజే వాలే బ్లాంష్ అన్నది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మానుకోండి. షమోనీ ఊరు 1,035 మీటర్ల ఎత్తులో ఉంది. కేబుల్ కారు ఎగ్వీ దు మిదీ శిఖరానికి, 3,842 మీటర్లకు, అరగంట కూడా పట్టకుండా ఎక్కించేస్తుంది. ముందు రోజు విమానం దిగిన మనిషికి అక్కడ నాలుగు మెట్లెక్కితే గుండె దడదడలాడుతుంది, తల దిమ్మెక్కుతుంది. పైగా స్టేషన్‌లోని మంచు సొరంగం దాటగానే స్కీలు తొడుక్కోవడం కుదరదు. స్కీలు వీపున కట్టుకుని, బూట్లకు ఇనుప ముళ్లుండే క్రాంపాన్లు బిగించుకుని, గైడు తాడు నడుముకుండగా సన్నటి మంచు గట్టు మీదుగా దిగాలి. ఒక పక్క లోయ రెండు వేల మీటర్లకు పైగా లోతు. నాకు తెలిసినవాళ్లలో స్కీ మీద ఏమాత్రం భయం లేనివాళ్లు కూడా ఆ గట్టు మీద నోరు మూసుకుని తాడు పట్టుకున్నారు.

అది దాటితే మామూలు దారి వాలు పరంగా మరీ కష్టమైనది కాదు. ఎరుపు పిస్టు నిబ్బరంగా దిగే మీరు, మంచు మరీ గడ్డకట్టి లేకపోతే, దిగగలరు. సుమారు 20 కిలోమీటర్లు. చుట్టూ గ్రానైట్ శిఖరాలు, కింద మేర్ ద గ్లాస్ అనే గ్లేసియర్. ఒక్కసారి చూసినవాళ్లు జీవితాంతం చెప్పుకుంటారు, నేనూ చెప్పుకుంటున్నాను. కానీ మీరు వెళ్తున్నది గ్లేసియర్ మీద, అంటే నెమ్మదిగా కదిలే మంచునది మీద. మంచు కింద పది ఇరవై మీటర్ల లోతైన చీలికలుంటాయి, వాటి మీద మంచు వంతెనలు కప్పి ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి నాటికి ఆ వంతెనలు శీతాకాలం మొదట్లో కన్నా బాగా మందంగా ఉంటాయి, అందుకు మీ తేదీలు మంచివే. అయినా ఫొటో కోసం పక్కకు జరిగి స్కీలు విప్పి నిలబడటం అక్కడ అత్యంత ప్రమాదకరమైన పని. స్కీల మీద పరుచుకున్న మీ బరువు, విప్పగానే రెండు పాదాల కింద గుచ్చుకుంటుంది. గైడు ఆగమన్నచోటే, స్కీలతోనే ఆగండి. ఆ యాత్ర నాలుగో రోజో ఐదో రోజో, ఆకాశం తేటగా ఉండి పైన గాలి లేని రోజు చూసుకుని పెట్టుకోండి.

గైడు అవసరమా అని అడిగారు. అవసరమే, ఒక్క రోజుకి కాదు. నా సలహా: మొదటి రోజు మీరు సొంతంగా పిస్టుల మీద కాళ్లు సరిచేసుకోండి. రెండో రోజు, మూడో రోజు గైడుతో పిస్టు దాటడం నేర్చుకోండి. వాలే బ్లాంష్‌కి మరో రోజు. మిగతా రోజులు గైడు లేకపోతే పిస్టు దాటకండి. అందరికీ వర్తించే నియమంగా కాదు, మీ ఐదుగురికీ ఈ మొదటి ఏడాదికి చెబుతున్నాను. స్కీ టీచరూ పర్వత గైడూ ఒకటి కాదు. గ్లేసియర్ మీదకు తీసుకెళ్లాలంటే అంతర్జాతీయ పర్వత గైడుల సమాఖ్య బ్యాడ్జి ఉన్న గైడే కావాలి. ఆ అర్హతకు ఏళ్ల తరబడి శిక్షణ, పరీక్షలు ఉంటాయి. షమోనీలో గైడుల సంఘం 1821 నుంచి ఉంది, కొండ దారి చూపడం అక్కడ తరాల వృత్తి. గైడు ఉన్నాడు కదా అని బుర్ర పక్కన పెట్టేయకండి. “ఈ వాలు ఎందుకు ఎంచుకున్నారు, పక్కది ఎందుకు వద్దన్నారు” అని ప్రతిచోటా అడగండి. మంచి గైడుకి ఆ ప్రశ్న చాలా ఇష్టం. ఆ మూడు రోజుల్లో మీరు నేర్చుకునేదంతా ఆ జవాబుల్లోనే ఉంటుంది.

సామానులో మూడు వస్తువులు లేకుండా పిస్టు దాటకూడదు: బీకన్, ప్రోబ్, పార. ఐదుగురికీ విడివిడిగా మూడూ ఉండాలి. ఇద్దరికి ఒక పార అంటే, ఆ పార ఉన్న మనిషే మంచు కింద పడితే అది పనికిరాదు. బీకన్ అంటే మంచు కింద పడ్డ మనిషి ఎక్కడున్నాడో తెలిపే, ఒంటికి కట్టుకునే చిన్న రేడియో. కంపెనీ ఏదైనా అన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి అద్దెకు తెచ్చుకున్నా ఇబ్బంది లేదు. దిగేముందు అందరూ ఆన్ చేసుకుని, ఒకరివి ఒకరు వినిపిస్తున్నాయో లేదో చూసుకోవాలి. ఫోన్ దానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, వెతికేటప్పుడైతే 50. వేడి చేసే చేతితొడుగులు కూడా దాన్ని తికమక పెడతాయి. ప్రోబ్ అంటే మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి మడత కర్ర, అది కనీసం 2 మీటర్ల 40 సెంటీమీటర్లు ఉండాలి. పారకు లోహపు పలకే ఉండాలి. జారి ఆగిన మంచు నిమిషాల్లో సిమెంటులా బిగుస్తుంది, ప్లాస్టిక్ పార దాని మీద విరుగుతుంది.

ఇంత ఎందుకంటే సమయం అంత తక్కువ. స్విట్జర్లాండ్ ప్రమాదాలను లెక్కవేసి 1994లో ప్రచురించిన అధ్యయనంలో, పూర్తిగా కూరుకుపోయినవాళ్లలో పావుగంటలోపు బయటికి తీసినవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది బతికారు. ముప్పై ఐదు నిమిషాలకు ఆ సంఖ్య మూడింట ఒకటికి పడిపోయింది. హెలికాప్టర్ ఎంత వేగంగా వచ్చినా ఆ పావుగంట మీ నలుగురి చేతుల్లోనే ఉంటుంది. మీ మరిది కింద ఉంటే తవ్వాల్సింది మీరే.

అందుకని ఇంకా నెలలు ఉండగానే ఐదుగురూ కలిసి వెతకడం సాధన చేయండి. మంచు లేకపోయినా ఫర్వాలేదు, పెద్ద మైదానం చాలు. ఒక సంచిలో బీకన్ పెట్టి ఆకుల కిందో గోనెపట్టా కిందో దాచండి. మీ బీకన్‌ను వెతుకులాటకు మార్చి, తెర మీద బాణం చూపే వైపు వేగంగా నడవండి. అంకె తగ్గుతూ వస్తుంది: 32, 24, 17, 9. మూడుకి రాగానే పరుగు ఆపేయాలి. మోకాళ్ల మీద కూర్చుని, బీకన్‌ను నేలకు ఆనించి, తిప్పకుండా నెమ్మదిగా ముందుకీ వెనక్కీ, తర్వాత అడ్డంగా జరుపుతూ అన్నిటికన్నా చిన్న అంకె ఎక్కడో పట్టుకోవాలి. అక్కడ ప్రోబ్‌ను వాలుకు లంబంగా గుచ్చడం మొదలుపెట్టి, 25 సెంటీమీటర్లకొకటి చొప్పున గుండ్రంగా బయటికి వెళ్లాలి. మెత్తగా తగిలితే ప్రోబ్ తీయొద్దు, అక్కడే వదిలేయాలి. ఇక తవ్వడం. అందరూ నేరుగా ప్రోబ్ పైన నిలబడి తవ్వేస్తారు, అది కింద ఉన్న మనిషి ఊపిరి మీద నిలబడినట్టు. ప్రోబ్ చూపిన లోతుకు సుమారు ఒకటిన్నర రెట్ల దూరం వాలు కింది వైపు దిగి, అడ్డంగా లోపలికి తవ్వుకుంటూ వెళ్లాలి. ఒకరు కోస్తుంటే వెనక ఒకరు మంచు లాగేయాలి, నిమిషానికోసారి మారాలి.

నేను మొదటిసారి ఇది నిజమైన మంచులో, మీటరు లోతున దాచిన సంచి కోసం చేసినప్పుడు బీకన్‌తో మూడు నిమిషాల్లో చోటు పట్టేశాను, కానీ సంచి చేతికి అందేసరికి మొత్తం పద్దెనిమిది నిమిషాలైంది. అంత సమయం తవ్వడానికే పట్టింది. అప్పటినుంచీ ఏ సీజన్‌లోనూ సాధన మానలేదు. షమోనీ చేరాక గైడుతో ఒకసారి మంచులో చేయించమని అడగండి. అదీ అయ్యాకే పిస్టు దాటండి.

ఎయిర్‌బ్యాగ్ సంచి గురించి మీ మరిది తప్పకుండా అడుగుతాడు. తీగ లాగితే బుడగలు విచ్చుకుని మనిషిని మంచు పైభాగాన ఉంచడానికి సాయపడుతుంది, డబ్బుంటే అద్దెకు తీసుకోండి. చెట్లకు, రాళ్లకు కొట్టుకోవడం నుంచి అది కాపాడదు, మిగతా మూడింటికీ బదులు కాదు. గ్యాస్ సిలిండర్ ఉన్నదైతే విమానంలో తీసుకెళ్లడానికి విమాన సంస్థ అనుమతి ముందే తీసుకోవాలి. హెల్మెట్ చెప్పనక్కర్లేదు. స్కీలు మాత్రం మీరు అలవాటుపడ్డ సన్నటివి కాకుండా నడిమి భాగం 95 నుంచి 105 మిల్లీమీటర్ల వెడల్పున్నవి అద్దెకు తీసుకోండి, మెత్తటి మంచులో తేలతాయి. బూట్లు మాత్రం మీవే తీసుకెళ్లండి, కొత్తవి అక్కడ కొనకండి.

బీమా కాగితం అందరూ కాకుండా ఒక్కరే కూర్చుని, చిన్న అక్షరాలతో సహా చదవండి. పిస్టు బయట వర్తిస్తుందా? గైడు ఉంటేనే వర్తిస్తుందా? గ్లేసియర్ మీద, 3,000 మీటర్ల పైన మినహాయింపులు ఉన్నాయా? హెలికాప్టర్, ఆస్పత్రి, ఇంటికి తరలింపు మూడూ ఉన్నాయా? షమోనీ నుంచి ఒక రోజు స్విట్జర్లాండ్ వైపు వెళ్దామనుకుంటే, అక్కడ రక్షణ హెలికాప్టర్ ఖర్చు మీ మీదే పడుతుందని గుర్తుంచుకోండి. యూరప్ అంతటా అత్యవసర నంబరు 112, అందరి ఫోన్లలోనూ ముందే పెట్టుకోండి.

మీ తేదీల్లో ఒక చిక్కుంది. ఫ్రాన్స్‌లో బడుల శీతాకాలపు సెలవులు ఫిబ్రవరిలో మొదలై మార్చి మొదట్లో దాకా ప్రాంతాల వారీగా సాగుతాయి. లిఫ్టుల దగ్గర వరసలు పెద్దవి, రాత్రి పడ్డ మంచు పదకొండింటికల్లా తొక్కేసి ఉంటుంది. దాంతో అందరికన్నా ముందు వెళ్లాలన్న తొందర పుడుతుంది, నేను పైన చెప్పిన ఉచ్చుల్లో అదొకటి. బస మార్చుకునే వీలుంటే మార్చి రెండో వారానికి జరపండి. రోజు పొడుగు, జనం తక్కువ. మార్చుకోలేకపోతే అదేం కొంప మునిగే విషయం కాదు, గైడును మాత్రం ఇవాళే వెతకండి, సెలవుల వారాల్లో దొరకరు.

ఆ గైడుకు రాసే మొదటి మెయిలు మీరే రాయండి. ఐదుగురి గురించీ విడివిడిగా: ఎవరు ఏ రంగు పిస్టు ఎంత నిబ్బరంగా దిగుతారు, ఎన్ని సీజన్లు, తాజా మంచులో ఎవరికి ఎంత అనుభవం, మోకాలి నొప్పులు, ఎత్తుకు తల తిరగడం లాంటివి ఏమైనా ఉంటే అవి కూడా. మీ గురించి రాసేచోట “నలుపు పిస్టు అంటే ఒళ్లు బిగుసుకుపోతుంది, భయం ఉంది” అని నాకు రాసినట్టే రాయండి. ఆ వాక్యం చూసి గైడు మొదటి రోజు దారి ఎంచుకుంటారు. పంపేముందు మీ మరిదికి చూపించండి.